డిసెంబరు 15: పలక మీద మొదటి వరుస ఎవరికి?

గోడపలక | డిసెంబరు 16, ఉదయం 7.40
మా అపార్టుమెంటులో లిఫ్టు పక్కన ఒక నల్లబల్ల ఉంది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో రాయడానికి పెట్టారు. మూడేళ్లుగా అందులో సగం నాది. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం దిగినప్పుడు "ఈ రోజు" అని పైన రాసి, ఆ తేదీన పుట్టినవారు, పోయినవారు, జరిగిన సంగతులు కింద రాస్తాను. ఆరు వరుసలకు మించి పట్టవు. నిన్న రాసినవి ఇవి:

1933 – బాపు జననం, నరసాపురం
1950 – సర్దార్ పటేల్ మరణం, బొంబాయి
1952 – ఆంధ్రప్రదేశ్ కోసం 56 రోజుల నిరాహారదీక్ష చేసి పొట్టి శ్రీరాములు మరణం, మద్రాసు
1852 – రేడియోధార్మికతను కనుగొన్న బెకెరెల్ జననం
1859 – ఎస్పెరాంతో భాషను సృష్టించిన జామెన్‌హోఫ్ జననం
1966 – వాల్ట్ డిస్నీ మరణం

మన దేశం వాళ్లు ముందు, బయటివాళ్లు తరువాత. అందులోనూ జననాలు ముందు, మరణాలు తరువాత. ఇదీ నా పద్ధతి. రాత్రి భోజనమయ్యాక దిగి చూస్తే ఎవరో తడిగుడ్డతో తుడిచారు. శ్రీరాములుగారిని మొదటి వరుసలో పెట్టనందుకే అయి ఉంటుందని మా సంఘంలో ఒక పెద్దాయన అన్నారు. నా పద్ధతి తప్పంటారా?

ఊరికే చదివేవాడు | 7.52
ఇంతకీ ట్యాంకరు ఎన్నింటికి వచ్చింది?

కనిగిరి మాస్టారు | 8.15
తప్పే. జననాలు ముందు అనే పద్ధతి పంచాంగానికి సరిపోతుందేమో, చరిత్రకు సరిపోదు. 1933 డిసెంబరు 15న బాపుగారు ఏం చేశారు? అందరు పిల్లల్లాగే ఏడ్చారు. ఆయన గొప్పతనమంతా తరువాతి ఎనభై ఏళ్లది. శ్రీరాములుగారి సంగతి అలా కాదు. ఆయన దేనివల్ల చరిత్రలో నిలిచారో ఆ పని ముగిసింది సరిగ్గా ఆ తేదీనే. ఆ తేదీ ఆయన సంపాదించుకున్నది, బాపుగారికి ఊరికే వచ్చింది.

నేను పనిచేసిన బడిలో 22 ఏళ్లపాటు ప్రతి డిసెంబరులోనూ ప్రార్థన సమయంలో ఆయన కోసం రెండు నిమిషాలు అడిగాను. ఇచ్చింది రెండుసార్లు. ఒకసారి అరగంట ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి కోసం పిల్లలను ఎండలో నిలబెట్టారు, ఈ రెండు నిమిషాలకు మాత్రం పరీక్షలు అడ్డొచ్చాయి. మీ పలక చూస్తే అదే గుర్తొచ్చింది.

ఇంకొకటి. 56 కాదు, 58 రోజులు.

నరసాపురం లేసు | 8.40
మాస్టారూ, బాపుగారికి ఊరికే వచ్చిందా? తెలుగువాళ్ల పెళ్లి శుభలేఖల మీద అక్షరాలు ఎవరివో ఒకసారి చూడండి. ఒక మనిషి చేతిరాత ఒక భాషకే ఖతి (ఫాంటు) అయింది. ఆ పుట్టుక లేకపోతే అదీ లేదు. గోడపలకగారూ, మీరు కూడా బాపు అక్షరాల్లోనే రాస్తారని పందెం కాస్తాను.

గోడపలక | 8.46
అవును. "శ్రీ" తోక మాత్రం ఎప్పటికీ కుదరదు.

లెక్కలపుస్తకం | 9.05
58 ఎలా అయింది? దీక్ష మొదలైంది అక్టోబరు 19న. అక్టోబరులో మిగిలినవి 12, నవంబరులో 30, డిసెంబరులో 15. మొత్తం 57. పలక మీద 56 ఏ లెక్కకూ రాదు, సరే. 58 కూడా రాదు కదా?

కనిగిరి మాస్టారు | 9.20
19వ తేదీన ఆయన అన్నం తిన్నారా? తినలేదు. అప్పుడు ఆ రోజు లెక్కలోకి ఎందుకు రాదు? అక్టోబరులో 13. మొత్తం 58.

లెక్కలపుస్తకం | 9.31
గడిచిన రోజులు వేరు, తాకిన తేదీలు వేరు. వడ్డీ లెక్కలో అప్పు ఇచ్చిన రోజును కలపరు.

కనిగిరి మాస్టారు | 9.38
పదో రోజు కర్మకు పోయిన రోజును కలిపే లెక్కపెడతారు. మనం మాట్లాడుతున్నది వడ్డీ గురించా, మనిషి ప్రాణం గురించా?

మైలాపూరు నుంచి | 10.10
ఆయన దీక్ష చేసింది మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. రాయపేట హైరోడ్డు 126 నంబరు, ఇప్పుడు స్మారక భవనం. మొదటిసారి వెళ్లినప్పుడు దానికి నాలుగు గుమ్మాల అవతల కాఫీ తాగుతూ దారి అడిగాను. కొట్టువాడికి తెలియదు. పక్కన దోసె తింటున్న పెద్దాయన తమిళంలోనే చెయ్యి చూపించి, "ఉపవాసం చేసినాయన ఇల్లే కదా" అన్నారు.

మొదటి వరుస గొడవ నాకు పట్టదు కానీ, ఆ పలకలో పటేల్ కింద శ్రీరాములు రావడం చూసి నవ్వు, బాధ రెండూ కలిగాయి. 1948లో జైపూర్ కాంగ్రెస్ వేసిన జె.వి.పి. కమిటీలో ఆ "వి" వల్లభ్‌భాయే. మిగతా ఇద్దరు జవహర్‌లాల్, పట్టాభి. భాషారాష్ట్రాలు ఇప్పుడు వద్దనీ, ఆంధ్రులకు కావాలంటే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలనీ 1949లో నివేదిక ఇచ్చింది ఆ ముగ్గురే. రెండేళ్ల తేడాతో ఇద్దరూ ఒకే తేదీన పోయారు. తేదీలకు ఇవేమీ తెలియవు.

పంచాంగం చూసేవాడు | 10.25
ఆబ్దికం తిథి ప్రకారం పెడతాం, వర్ధంతి తేదీ ప్రకారం చేస్తాం. ముందు అది తేల్చండి.

చిక్కడపల్లి చదువరి | 11.02
ఇంతమంది ఇంతసేపు మాట్లాడారు, మూడో వరుసలో అసలు తప్పు ఒక్కరికీ కనబడలేదు. "ఆంధ్రప్రదేశ్ కోసం" ఏమిటి? ఆయన కోరింది మద్రాసు రాష్ట్రం నుంచి విడివడే ఆంధ్ర రాష్ట్రం. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటించింది అదే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది అదే. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది. దాని వెనుక రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ ఉంది, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం ఉంది, తెలంగాణ అభ్యంతరాలు ఉన్నాయి. ఆ మహానుభావుడు పోయిన నాలుగేళ్లకు జరిగినదాన్ని ఆయన నెత్తిన పెట్టడం ఆయనకూ న్యాయం కాదు, మాకూ కాదు.

గోడపలకగారికి ఒక ప్రశ్న. తడిగుడ్డతో తుడిచింది ఏ వరుస?

కనిగిరి మాస్టారు | 11.20
మొదలైంది. పలక మీద ఒక మాట అటు ఇటు అయితే ఏమైంది? ఆయన లేకపోతే భాషారాష్ట్రమనే మాటే లేదు. ఆయన పేరు కనబడితే ఎందుకింత ఉలుకు? హైదరాబాదులో 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు ఉండేది. 2025లో అదీ తీసేశారు. ఇప్పుడు పలక మీద కూడా వద్దంటారా?

చిక్కడపల్లి చదువరి | 11.48
విశ్వవిద్యాలయం పేరు మార్చింది శాసనసభ, నేను కాదు. పెట్టినది సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఆయన వాదించలేదు, 354 మంది కవులతో 1934లో సంచిక వేశారు. జాబితా విలువ ఆయనకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఉలుకు అన్నారు కాబట్టి చెబుతాను. ఆరో తరగతిలో నేను వ్యాసంలో "ఆనిగెపుకాయ" అని రాస్తే మా తెలుగు టీచరు ఎర్ర సిరాతో కొట్టి "సొరకాయ" అని దిద్దారు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. మా నాయనమ్మ పండించింది ఏ కాయో ఆ రోజు నాకు అర్థం కాలేదు. మీకు "ఒక మాట అటు ఇటు", నాకు కాదు.

సరే, 1952 అంటే మీకు డిసెంబరే. అదే 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ముల్కీ ఆందోళన జరిగినప్పుడు హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు పోయారు. గోడపలకగారూ, మూడేళ్లలో మూడు సెప్టెంబర్లు వెళ్లాయి. ఒక్కసారైనా రాశారా? ఏ వరుసలో రాశారు?

ఊరికే చదివేవాడు | 11.55
ట్యాంకరు సంగతి ఇక ఎవరూ చెప్పరన్నమాట.

కనిగిరి మాస్టారు | 12.10
అలాగైతే మావాళ్ల సంగతీ వినండి. 15 రాత్రి పదకొండు దాటాక ఆయన పోయారు. 16న ఊళ్లు భగ్గుమన్నాయి. కోస్తాలో పలుచోట్ల కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మా నాన్న నెల్లూరు స్టేషను దగ్గర గుంపులో ఉన్నారు. ఎడమ చెయ్యి ఆ తరువాత ఎప్పుడూ పూర్తిగా పైకి లేవలేదు. చొక్కా తొడుక్కోవాలంటే అమ్మ సాయం పట్టేది. ఏ పలక మీదా ఆయన లేరు. 16న అందరూ రాసేది 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడం గురించే. అది రాయాల్సిందే, కాదనను.

నరసాపురం లేసు | 12.31
మాస్టారూ, ఇది ముందే చెప్పి ఉంటే బాపుగారి ఏడుపు దాకా వచ్చేవాళ్లం కాదు.

చిక్కడపల్లి చదువరి | 12.40
మీ నాన్నగారి సంగతికి బాధపడుతున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఏ వరుస తుడిచారు?

గోడపలక | రాత్రి 9.15
ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను. పొద్దున పూర్తిగా రాయలేదు, ఒప్పుకుంటున్నాను. పలకంతా తుడవలేదు. మూడో వరుసలో "ఆంధ్రప్రదేశ్ కోసం" అన్నంత మేరే తుడిచారు. చాలా జాగ్రత్తగా, పక్కన "56"కు తడి తగలకుండా. చూడగానే నాకు అర్థమైంది. కానీ అది అడిగితే ఇక్కడ ఏమవుతుందో ఊహించి, వరుసల ప్రశ్న అడిగాను. పెద్దాయన ఇచ్చిన కారణం నాకు అనుకూలంగా కనబడింది.

సెప్టెంబరు కాల్పుల గురించి రాయలేదు. తెలియక కాదు. మా నాలుగో అంతస్తులో సగం మంది ఒకవైపు, సగం మంది ఇంకోవైపు. రోజూ లిఫ్టులో కలుస్తాం. ఆ రోజుల్లో ఎవరో ఒక క్రికెటర్ పుట్టినరోజు దొరుకుతుంది, అది రాసేవాణ్ని.

చిక్కడపల్లి చదువరి | 9.22
తుడిచినవారు మీ పలకను మీకన్నా శ్రద్ధగా చదివారు.

కనిగిరి మాస్టారు | 9.50
22 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. సిటీ కాలేజీ సంగతి పిల్లలకు ఒక్కసారీ చెప్పలేదు, నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. చదువరిగారూ, ఇది ఒప్పుకుంటున్నాను. విశ్వవిద్యాలయం పేరు విషయంలో మాత్రం ఒప్పుకోను. సురవరంవారికి ఇంకొకటి కట్టవచ్చు. నెల్లూరు మూలపేట గుడిలోకి హరిజనులను రానివ్వాలని 1946లోనే నిరాహారదీక్ష చేసిన మనిషిని ఒక ప్రాంతానికి కుదించడం నాకు మింగుడు పడదు.

చిక్కడపల్లి చదువరి | 10.05
మూలపేట సంగతి పలక మీద ఉంటే నేను తుడవను. తుడిచేవాళ్లూ ఉండరు. మీరే దాన్ని ఎప్పుడూ రెండో మాటగా చెబుతారు.

మైలాపూరు నుంచి | 10.20
ఆ మాట నిజం. స్మారక భవనం చూసి వచ్చాక నేను కూడా ఇంట్లో చెప్పింది 58 రోజుల గురించే.

లెక్కలపుస్తకం | 10.24
57.

గోడపలక | డిసెంబరు 17, ఉదయం 7.10
నిన్నటి పలక గురించి అడిగారు కొందరు. మొదటి వరుసలో 1971. రెండో వరుసలో 1952 అని రాసి, శ్రీరాములు మరణానంతరం ఆంధ్ర ప్రాంతంలో కాల్పులు అని రాశాను. పేర్లు నా దగ్గర లేవు, అందుకని పక్కన చోటు వదిలాను. పిల్లలెవరో ఆ ఖాళీలో పువ్వు గీశారు.

చిక్కడపల్లి చదువరి | 7.25
సెప్టెంబరులో కూడా ఫొటో పెట్టండి. చూస్తాను.

ఊరికే చదివేవాడు | 7.31
ట్యాంకరు ఈరోజు ఎనిమిదింటికట. పలక మీద చూశాను. మాదీ అదే అపార్టుమెంటు.