యుద్ధంలో దోచుకుపోయిన చిత్తరువు: ఎనభై ఏళ్ల తర్వాత హక్కు ఎవరిది?

ప్రశ్న (సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, నల్లగొండ):
పదో తరగతికి రెండవ ప్రపంచ యుద్ధం బోధిస్తూ, పోలండ్‌లోని క్రాకో నగరంలో చార్టోరిస్కీ మ్యూజియం నుంచి జర్మన్లు తీసుకుపోయిన రఫాయెల్ చిత్రం, ‘యువకుని చిత్తరువు’ గురించి చెప్పాను. ఆ మ్యూజియంలో దాని ఖాళీ చట్రాన్ని ప్రదర్శనకు ఉంచిన సంగతి కూడా చెప్పాను. అప్పుడు ఒక విద్యార్థిని, "దొంగసొత్తని తెలియక ఎవరైనా డబ్బు పెట్టి కొనుక్కొని ఉంటే, వారి దగ్గర నుంచి తీసుకోవడం న్యాయమా?" అని అడిగింది. పిల్లల ముందు తొందరపడి జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. చరిత్ర, చట్టం తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సూర్యాపేట):
మేడం గారికి నమస్కారం. ముందు ఆ చిత్రం ఎలా పోయిందో పిల్లలకు వివరంగా చెప్పండి, ఎందుకంటే న్యాయం సంగతి సగం అందులోనే ఉంది. 1798 ప్రాంతంలో ఇటలీలో ఆడమ్ యెజి చార్టోరిస్కీ ఈ చిత్రాన్నీ, లియోనార్డో డావిన్చి గీసిన ‘ఎర్మిన్‌తో యువతి’ చిత్రాన్నీ కొన్నాడు. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే వీటిని షెనియావా అనే ఊరికి తరలించి గోడ వెనుక దాచారు. అయినా జర్మన్ సైనికులు కనిపెట్టారు. ఆక్రమిత పోలండ్‌కు గవర్నర్ జనరల్‌గా వచ్చిన హాన్స్ ఫ్రాంక్ క్రాకోలోని వావెల్ కోటలో నివాసం ఏర్పరచుకుని, ప్రజలు చూడవలసిన చిత్రాలను తన గదుల అలంకారానికి వాడుకున్నాడు. 1945 జనవరిలో సోవియట్ సేనలు సమీపిస్తుండగా చిత్రాలను వెంట తీసుకుని పారిపోయాడు. మే నెలలో బవేరియాలో అమెరికన్లు అతన్ని అరెస్టు చేశారు. లియోనార్డో చిత్రం క్రాకోకు తిరిగి చేరింది, రఫాయెల్ చిత్రం మాత్రం ఈనాటికీ దొరకలేదు. 2012లో ఏదో బ్యాంకు ఖజానాలో ఉందన్న వార్త వ్యాపించింది కానీ అది నిజం కాలేదు.

జవాబు 2 (న్యాయవాది, మహబూబ్‌నగర్):
ఆ అమ్మాయి ప్రశ్న నిజంగా కష్టమైనది, ఎందుకంటే దేశాల చట్టాలు ఒకే మాట చెప్పవు. మన 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు సాధారణంగా కొన్నవాడికి రాదు. ఐరోపాలోని కొన్ని దేశాల్లో మాత్రం సద్భావంతో కొన్నవారికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. అయితే ఇక్కడ జరిగింది మామూలు దొంగతనం కాదు. కళా సంస్థల ఆస్తిని ఆక్రమణదారులు స్వాధీనం చేసుకోరాదని 1907 నాటి హేగ్ ఒప్పందంలోని 56వ నిబంధన అప్పటికే నిషేధించింది. 1943 జనవరి 5న మిత్రరాజ్యాలు లండన్‌లో చేసిన ప్రకటన మరింత ముఖ్యమైనది: ఆక్రమిత ప్రాంతాల్లో జరిగిన ఆస్తి బదిలీలు పైకి చట్టబద్ధంగా కనిపించినా సరే, వాటిని చెల్లవని ప్రకటించే హక్కు తమకు ఉంటుందని అవి ముందే హెచ్చరించాయి. కాబట్టి 1945 తర్వాత రఫాయెల్ స్థాయి చిత్రాన్ని ఆరా తీయకుండా కొన్నానని ఎవరైనా అంటే నేను నమ్మలేను. నిజంగానే ఏ పాపం ఎరుగని వారసుల చేతికి చేరి ఉంటే వారికి కొంత పరిహారం ఇవ్వవచ్చు, కానీ చిత్రం మాత్రం క్రాకోకే వెళ్లాలి. 2016లో పోలండ్ ప్రభుత్వం చార్టోరిస్కీ సేకరణను 10 కోట్ల యూరోలకు కొన్నప్పుడు, చేతిలో లేని ఈ చిత్రంపై హక్కును కూడా కలిపే కొన్నది. అంటే ఖాళీ చట్రం వెనుక సజీవమైన దావా ఉంది.

జవాబు 3 (గద్వాల):
లాయరు గారు చెప్పినదానికి ఒక్క విషయం చేరుస్తాను. హక్కు ఉన్నా, దొరికిన వస్తువు మనదేనని రుజువు చేయలేకపోతే ఆ హక్కు పనికిరాదు. రఫాయెల్ చిత్రానికి యుద్ధానికి ముందు తీసిన ఛాయాచిత్రాలు ఉన్నాయి కనుక గుర్తించే దారి ఉంది. ఇది యుద్ధానికే పరిమితమైన సంగతి కాదు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగిలించిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో కొన్నది. అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫొటోలు సాక్ష్యంగా నిలవడంతో 2016లో భారతదేశానికి అప్పగించింది. మా అలంపూర్ మ్యూజియంలోనూ, మీ పానగల్లు మ్యూజియంలోనూ ఉన్న ప్రతి శిల్పానికీ కొలతలు, పగుళ్లు, వెనుక వైపు గుర్తులతో సహా ఫొటోలు తీసి, ఒక ప్రతిని వేరే ఊరిలో భద్రపరచాలని నా అభిప్రాయం. మేడం గారు పిల్లలను పానగల్లుకు తీసుకెళ్లినప్పుడు, అధికారుల అనుమతితో ఒక్క శిల్పానికి అలాంటి వివరపత్రం రాయించండి. అడిగిన అమ్మాయికి ఆ పని అప్పగిస్తే ఇంకా మంచిది.