లానోవర్ ఎల్వ్స్ నాలుగు పెట్టాలా, రెండు చాలా?

పరకాల పోరడు:
ఫోన్‌లో మ్యాజిక్ అరీనా అనే కార్డుల ఆట ఆడేవాళ్లకు ఒక ప్రశ్న. హన్మకొండ రూమ్‌లో రెండు రోజులుగా ఇదే లొల్లి, తెగడం లేదు. నాది పచ్చ డెక్ (కార్డుల కట్ట), స్టాండర్డ్, అంటే ఈమధ్య సెట్ల కార్డులతోనే ఆడేది, ఒకే గేమ్‌తో తేలిపోయే పద్ధతి. అందులో లానోవర్ ఎల్వ్స్ నాలుగు ఉండేవి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మానా అంటే కార్డు దింపడానికి పెట్టే ఖర్చు, ఇది ఒక్క పచ్చ మానాకు దిగే 1/1 (దెబ్బ ఒకటి, ఓర్పు ఒకటి) ప్రాణి, ట్యాప్ చేస్తే, అంటే అడ్డంగా తిప్పి వాడితే, ఒక పచ్చ మానా ఇస్తుంది, అంతకు మించి ఏం లేదు. నిన్న రెండు తీసేశాను. ఆట ఆఖర్లో చెయ్యి ఖాళీ అయ్యి, ఎదుటివాడి దగ్గర కొండంత ప్రాణి నిలబడి ఉన్నప్పుడు డెక్ మీద నుంచి ఈ బక్క ముక్క వస్తే ఫోన్ విసిరేయాలనిపిస్తుంది. రూమ్‌మేట్ ఏమో పెడితే నాలుగూ పెట్టు, లేకపోతే అన్నీ తీసెయ్ అంటాడు. మీరేమంటారు?

సుబేదారి సెంటర్:
రెండు కూడా దండగే తమ్మీ. ఎర్ర డెక్ వాడి చేతిలో బర్స్ట్ లైట్నింగ్ ఉంటుంది, ఒక మానాకు రెండు డామేజ్, నీ ఎల్ఫ్ దిగిందో లేదో మాడిపోతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1993లో మొదటి సెట్ ఆల్ఫాలోనే ఎల్వ్స్, మానా ఇచ్చే పక్షి, దాన్ని కాల్చే లైట్నింగ్ బోల్ట్ మూడూ కలిసి వచ్చాయి. పక్షి కనబడితే కాల్చెయ్ అని పాతవాళ్లు ఊరికే అనలేదు.

జంక్షన్ కాజీపేట:
అన్నా, నువ్వు చెప్పింది సగమే. వాడు ఎల్ఫ్‌ను కాల్చాడంటే ఒక ముక్క, ఒక మానా అక్కడ ఖర్చయ్యాయి. ముక్కకు ముక్క, మానాకు మానా, లెక్క సరి. మొదటి టర్న్‌లో దింపాల్సిన ప్రాణిని వాడు దింపలేదు, పైగా తర్వాత నా మంచి ప్రాణి వచ్చినప్పుడు ఆ బర్స్ట్ లైట్నింగ్ వాడి చేతిలో ఉండదు. పాతవాళ్లు కాల్చమన్నారంటేనే అర్థం చేసుకో, వదిలేస్తే ఎంత నష్టమో వాళ్లకు తెలుసు.

ఇక తమ్మీ, నీ లెక్క. 60 కార్డుల డెక్, మొదటి చెయ్యి 7. నాలుగు పెడితే ఆ ఏడింటిలో కనీసం ఒకటి ఉండే అవకాశం దాదాపు 40 శాతం. మూడైతే 32కు కొంచెం తక్కువ, రెండైతే 22. ఒకే గేమ్ పద్ధతిలో అరీనా మొదటి చెయ్యిని కాస్త సర్ది ఇస్తుంది, నిజమే, కానీ అది ల్యాండ్ల (మానా ఇచ్చే నేల కార్డుల) కోసం, ఎల్వ్స్ కోసం కాదు. మొదటి టర్న్‌లో దింపిన ఎల్ఫ్ ఆ టర్న్‌లో ట్యాప్ కాదు, రెండో టర్న్‌కు మాత్రం రెండు ల్యాండ్లతో కలిపి మూడు మానాలు నీ చేతిలో ఉంటాయి. అదే ఎల్ఫ్‌ను నాలుగో టర్న్‌లో దింపితే ఐదో టర్న్ దాకా పైసా రాదు, వానాకాలం నాట్లు దసరా దాటాక వేసినట్టు. కాబట్టి ముందు నువ్వు చెప్పు, మూడు మానాల దగ్గర నీ డెక్‌లో ఏమున్నాయి? అది తెలియకుండా ఎల్ఫ్ సంగతి తేల్చలేం.

పరకాల పోరడు:
మూడు మానాలవి నాలుగే అన్నా. ఎల్విష్ ఆర్చ్‌డ్రూయిడ్ రెండు, వేరేవి రెండు. మిగతావి ఎక్కువ రెండు మానాలవి, తర్వాత నేరుగా ఐదు. కావాల్సిన అరుదైన కార్డు చేసుకోవడానికి వాడే రేర్ వైల్డ్‌కార్డులు అయిపోయాయి, ఏం చేయను.

జంక్షన్ కాజీపేట:
దొరికింది నీ రోగం! రెండో టర్న్‌లో మూడు మానాలు వచ్చినా వాడుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు, నువ్వేమో ఎల్ఫ్‌ను తిడుతున్నావు. ఆర్చ్‌డ్రూయిడ్ మూడు మానాల 2/2, మిగతా నీ ఎల్ఫ్‌లకు +1/+1 ఇస్తుంది, ట్యాప్ చేస్తే నీ దగ్గర ఎన్ని ఎల్ఫ్‌లుంటే అన్ని పచ్చ మానాలు. మొదటి టర్న్ లానోవర్, రెండో టర్న్ ఆర్చ్‌డ్రూయిడ్ పడితే మూడో టర్న్‌లో చూడు: ల్యాండ్లు 3, లానోవర్ 1, ఆర్చ్‌డ్రూయిడ్ నుంచి 2, మొత్తం 6. ఐదు మానాల ముక్క దిగి ఇంకా ఒకటి మిగులుతుంది. ఆఖర్లో వచ్చే ఎల్ఫ్ మీద కదా నీ ఏడుపు? ఆర్చ్‌డ్రూయిడ్ బతికి ఉంటే అది 2/2గా దిగుతుంది, తను ట్యాప్ కాలేకపోయినా ఆర్చ్‌డ్రూయిడ్ లెక్కలోకి అప్పుడే వస్తుంది, అంటే దింపిన మానా ఆ టర్న్‌లోనే తిరిగి వచ్చినట్టు.

మంథని లెక్కల సార్:
కాజీపేట బాబూ, ఒక చిన్న తప్పు. 40 నుంచి 22కు పడిందని భయపెట్టావు బాగానే ఉంది, కానీ రెండు పెడితే ఆఖర్లో పనికిరాని ముక్క వచ్చే బెడద కూడా సగమవుతుంది కదా, అది ఎందుకు చెప్పలేదు? నువ్వు ఒక వైపే కూడుతున్నావు.

ఇంకొకటి, మీరెవరూ మాట్లాడనిది. ఎల్ఫ్‌తో ఓడిపోయిన ఆటల్లో నా మట్టుకు ఎక్కువ భాగం ఎల్ఫ్ తప్పు కాదు, నా ఆశ తప్పు. రెండు ల్యాండ్లు, ఒక ఎల్ఫ్, మిగతావి బరువైనవి. మూడో ల్యాండ్ ఎల్ఫే కదా అని ఉంచేసుకుంటాం. వాడు ఎల్ఫ్‌ను కాలుస్తాడు, ల్యాండ్ రాదు, కూర్చుని చూడటమే. రమ్మీలో ఒరిజినల్ సీక్వెన్స్ లేకుండా రెండు జోకర్లు చూసుకుని ఆటకు దిగినవాడి కథే. 101 ఆటలో 20కి డ్రాప్ కొడితే పోయేది, ఫుల్ కౌంట్ ఇచ్చుకుంటాడు. ఇక్కడ ముల్లిగన్, అంటే మొదటి చెయ్యి మార్చుకోవడం, అంతకన్నా చవక, మళ్లీ ఏడు తీసుకుని ఒకటి డెక్ కింద పెడతాం, అయినా మనసొప్పదు.

జంక్షన్ కాజీపేట:
సార్ చెప్పింది ఒప్పుకుంటా, ఆ వైపు వదిలేశాను. అయినా నా మాట అదే. డెక్ ఎల్ఫ్ మీద నిలబడితే నాలుగు, లేకపోతే సున్నా. రెండు పెడితే అది ఎప్పుడో ఒకసారి వస్తుంది, దాన్ని నమ్మి మూడు, ఐదు మానాల ముక్కలు నింపలేవు, నింపకపోతే అది ఎందుకు?

సుబేదారి సెంటర్:
మూడు గేమ్‌ల పద్ధతిలో అయితే నేనూ నాలుగు పెడతా, ఎర్ర డెక్ అని తెలిశాక రెండో గేమ్‌కు సైడ్‌బోర్డ్‌లోకి (గేమ్‌ల మధ్య మార్చుకునే పక్క కార్డుల్లోకి) తోసేస్తా. తమ్ముడు ఆడేది ఒకే గేమ్, మార్చుకునే వీలే లేదు. అక్కడ మాత్రం నేను వెనక్కి తగ్గను.

పరకాల పోరడు:
సరే, ఇలా చేస్తా. ఆర్చ్‌డ్రూయిడ్ ఇంకో రెండు చేసుకునేదాకా ఎల్ఫ్‌లు సున్నా, ఆ తర్వాత నాలుగు. ఈ రెండూ ఉన్న ఫౌండేషన్స్ సెట్ కార్డులు కనీసం 2029 దాకా స్టాండర్డ్‌లో చెల్లుతాయి కాబట్టి తొందరేం లేదు. రూమ్‌మేట్‌కు మాత్రం వాడే గెలిచాడని చెప్పను.

మంథని లెక్కల సార్:
రెండు ల్యాండ్ల చెయ్యి వస్తే?

పరకాల పోరడు:
ఉంచుకుంటా సార్, అబద్ధం ఎందుకు.