అప్‌డేట్: బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ డాక్టరేట్, మొదటి ఏడాది తర్వాత

హైదరాబాదులో సైకాలజీ ఎం.ఏ. చేసిన నేను, బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టును కావడానికి పీహెచ్‌డీ సరిపోతుందా అని ఇదివరకు అడిగాను. సరిపోదన్నవారి మాటే నిజమైంది. ఇక్కడ ఆ వృత్తినామానికి చట్టరక్షణ ఉంది కాబట్టి, హెచ్‌సీపీసీ (ఆరోగ్య, సంరక్షణ వృత్తులను నియంత్రించే సంస్థ) రిజిస్టరులో పేరున్నవారే దానిని వాడుకోగలరు. అందుకు ఎక్కువమంది పట్టే దారి, ఆ సంస్థ ఆమోదించిన వృత్తిపరమైన డాక్టరేట్. నా డిగ్రీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు కోసం ముందుగా ఒక కన్వర్షన్ కోర్సు చదివాను.

మూడేళ్ల పూర్తికాల శిక్షణలో సిద్ధాంత వ్యాసంతో పాటు, పర్యవేక్షణలో కనీసం 450 గంటలు క్లయింట్లతో పనిచేయాలి. ఆ గంటలు ఎంత నెమ్మదిగా కూడుతాయో నేను ఊహించలేదు. నలుగురు రావలసిన రోజున ఇద్దరే వస్తే, నా లెక్కలో రెండు గంటలే చేరతాయి. మనం కూడా థెరపీకి వెళ్లాలి. క్లయింటు కుర్చీలో కూర్చొని, అమ్మ మరణం గురించి ఇంగ్లిషులో చెప్పలేక తెలుగులోకి జారిపోయిన రోజునే, పరాయి భాషలో దుఃఖం చెప్పుకునేవారి మౌనాన్ని తొందరపెట్టకూడదని నాకు నిజంగా తెలిసింది.

ఇంగ్లండులో క్లినికల్ సైకాలజీ శిక్షణకు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) నిధులుంటాయి గానీ, కౌన్సెలింగ్ సైకాలజీకి చాలావరకు ఫీజు మనమే కట్టుకోవాలి, క్లయింట్లతో పనిచేసే ప్లేస్‌మెంట్లలో ఎక్కువ భాగం జీతం లేనివే. అప్పు తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోమని, అప్పుడు నాకు సమాధానమిచ్చినవారి తరఫున కూడా కోరుతున్నాను.