రీఫండ్ తక్కువొచ్చిందని ఫీజు ఎగ్గొడుతున్నారు

ప్రశ్న (తెనాలి):
11 ఏళ్లుగా ఇంట్లోనే క్లయింట్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తున్నాను. పాత క్లయింటు, టీచరు గారు, ఈసారి ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాల కాగితం) వాట్సాప్‌లో పెట్టి, "పక్కవీధి అతను 40 వేలు రీఫండ్ తెప్పిస్తాడట, మీరెంత?" అన్నారు. రాజకీయ పార్టీకి విరాళమిచ్చినట్టు ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 80జీజీసీ కింద మినహాయింపు చూపించాలట. రసీదు ఏదండీ అంటే నవ్వారు. ఉన్నది ఉన్నట్టు వేస్తే రీఫండ్ 3,200 తేలింది. నా ఫీజు 700. అడిగినప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు (వరంగల్):
ఫీజు సంగతి తర్వాత, ముందు ఈ-వెరిఫై (రిటర్ను తనదేనని ఆయన ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) అయిందా? ఓటీపీ ఆయన ఫోన్‌కే కదా వచ్చేది! వేసిన 30 రోజుల్లోపు కాకపోతే వెరిఫై చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క. ఆ రోజుకి రిటర్ను గడువు దాటిపోతే సెక్షన్ 234ఎఫ్ కింద లేట్ ఫీజు. అప్పుడు తిట్లు మీకే.

జవాబు (విజయవాడ):
నా దగ్గర అలిగి వెళ్లిన ఇద్దరు నోటీసు పట్టుకుని తిరిగొచ్చారు. తప్పుడు క్లెయిమ్ అని తేలితే 270ఏ కింద ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా, వడ్డీ వేరే. ఇంకోటి, నేనైతే సగం ఫీజు ముందే తీసుకుంటా. మొహమాటపడితే మన పని అయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశా, వెరిఫై కాలేదు! 22 రోజులైంది. రేపు ఇంటర్వెల్ టైముకి స్కూలుకే వెళ్తా.