మిరొస్లావియెత్స్ ప్రమాదం: రెండో ప్రయత్నంలో సి-295 ఎందుకు కూలింది?

ప్రశ్న:
మన వైమానిక దళం పాత ఆవ్రోల స్థానంలో 56 సి-295 రవాణా విమానాలను తీసుకుంటున్నదనీ, వాటిలో వడోదరలో తయారయ్యే 40 విమానాలకు కొన్ని భాగాలు మా హైదరాబాదులోనే సిద్ధమవుతున్నాయనీ తెలిసినప్పటి నుంచి ఆ విమానం చరిత్ర చదువుతున్నాను. 2008 జనవరి 23 రాత్రి పోలండ్‌లోని మిరొస్లావియెత్స్ స్థావరం దగ్గర ఇదే రకం విమానం దిగబోతూ కూలిపోయి, నలుగురు సిబ్బంది, 16 మంది ప్రయాణికులు, అంటే అందులో ఉన్న 20 మందీ మరణించారు. ఆ ప్రయాణికులు వార్సాలో విమాన భద్రతపై జరిగిన సమావేశం నుంచి తమ స్థావరాలకు తిరిగి వెళ్తున్న అధికారులని చదివి మనసు కలచివేసినట్లయింది. దాదాపు కొత్త విమానం అది. పైలట్ల పొరపాటు అని ఒక్క మాటతో తేల్చేయడం సమంజసమేనా?

సమాధానం 1:
సమంజసం కాదండీ. నేను చాలా ఏళ్లు రాడార్ ముందు కూర్చుని పనిచేసినవాడిని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. అక్కడ ఐఎల్‌ఎస్, అంటే రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వే మీదికి దించే వ్యవస్థ, లేదు. అలాంటి చోట కంట్రోలర్ రాడార్ తెర చూస్తూ, విమానం రన్‌వే గీతకు ఎడమన ఉందా కుడిన ఉందా, ఎత్తు ఎక్కువైందా తక్కువైందా అని క్షణక్షణం చెబుతూ ఉండాలి. చివరి దశలో పైలట్ బదులు కూడా చెప్పనక్కరలేదు, వింటూ సరిదిద్దుకుంటే చాలు. ఆ గొంతు ఒక్కసారి తడబడితే మేఘంలో ఉన్నవాడికి దారి చూపేది మరొకటి ఉండదు. ఆ రాత్రి మొదటి ప్రయత్నం విఫలమైంది. రెండోసారి దిగుతున్నప్పుడు సిబ్బంది రన్‌వే దీపాల కోసం బయటికి చూస్తుండగా విమానం ఒక పక్కకు ఒరిగిపోయింది. చీకట్లో, మేఘంలో నెమ్మదిగా ఒరిగే ఒరుగును మన లోపలి చెవి పట్టుకోలేదు. తిన్నగానే కూర్చున్నామనిపిస్తుంది, నిజం చెప్పేది ఎదురుగా ఉన్న పరికరం ఒక్కటే. నేల దగ్గరవుతున్నదని హెచ్చరించే యంత్రం శబ్దం ఆపివేసి ఉంది. సిబ్బంది జతకూర్పు సరిగా లేదనీ, కంట్రోలర్ మార్గనిర్దేశంలో లోపాలున్నాయనీ విచారణ కమిషన్ కూడా చెప్పింది. ఆ తర్వాత రక్షణ మంత్రి ఐదుగురు అధికారులను పదవుల నుంచి తొలగించారు.

సమాధానం 2:
మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ, మొదటిసారి కుదరనప్పుడు వాతావరణం బాగున్న మరో స్థావరానికి వెళ్లే అధికారం కెప్టెన్‌దే కదా? ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి మాట్లాడలేము.

సమాధానం 1:
నిజమే, అధికారం ఆయనదే. అయితే వెనుక సీట్లలో స్వీద్విన్‌లోని వైమానిక బ్రిగేడ్ అధిపతి జనరల్ ఆంద్జేయెవ్‌స్కీ వంటివారు కూర్చున్నారు. వారెవరైనా ఒత్తిడి చేశారని నేను అనను. కానీ వెనక్కి తిప్పుదామనే మాట సులువుగా నోటికి రావాలంటే, అలా అన్నవాడిని ఎవరూ తప్పు పట్టరన్న నమ్మకం దళంలో ముందే నాటుకుని ఉండాలి.

సమాధానం 3:
ఆ ప్రమాదం తర్వాత చేసిన సిఫార్సులు పూర్తిగా అమలు కాలేదన్నదే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 2010 ఏప్రిల్ 10న స్మోలెన్‌స్క్ దగ్గర పొగమంచులో దిగబోయిన పోలండ్ వైమానిక దళపు టూ-154 విమానం కూలి, అధ్యక్షుడు లేహ్ కచిన్‌స్కీ సహా 96 మంది మరణించారు. అక్కడ నావిగేటర్ రేడియో ఆల్టిమీటర్, అంటే సరిగ్గా కింద ఉన్న నేల నుంచి ఎత్తును కొలిచే పరికరం, చూసి ఎత్తు చదివాడు. రన్‌వేకు ముందు లోయ ఉండడంతో, రన్‌వే నుంచి అసలు ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఉన్నట్లు ఆ అంకెలు చూపాయి. మిరొస్లావియెత్స్‌లో మూగబోయిన హెచ్చరిక యంత్రం ఈసారి పైకి లేపమని పదేపదే అరిచింది. విమానం మాత్రం దిగుతూనే ఉంది.