మాల వేసుకునేది ఆయన, తెల్లారకముందే లేచేది ఎవరు?

వీధిచివర: కార్తీకం వస్తే మా వీధిలో సగం మంది మగాళ్ళు నల్ల బట్టల్లోకి మారిపోతారు. 41 రోజులు మందు, మాంసం బంద్. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. అయ్యప్ప దీక్ష మగవాణ్ణి నిజంగా మారుస్తోందా, లేక ఇంట్లో ఆడవాళ్ళకి పని పెంచుతోందా?

కన్నెస్వామి: మారుస్తుంది. మాది లారీల లైను. రోజూ తాగి పెళ్ళాన్ని కొట్టేవాడు మాల వేసుకున్నాక గొంతు కూడా పెంచడు. క్లీనరైనా ఓనరైనా ఒకరికొకరు 'స్వామీ' అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటారు. మగాడికి ఇంత అణకువ ఇంకెక్కడ నేర్పుతున్నారు?

వంటింటిగొంతు: అణకువ సరే. తెల్లవారుజామున పూజకి ప్రసాదం, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి పలహారం ఎవరు చేస్తున్నారు? నెలసరి వస్తే నన్ను పుట్టింటికి పంపేవాళ్ళు, పిల్లల పరీక్షలున్నా సరే. మాల ఆయన మెడలో, నియమాలు నా నెత్తిన. కొండ దిగి మాల తీసిన రాత్రే సీసా మూత తీసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అన్ని రోజులు మానగలిగినవాడికి, తర్వాత మానడం చేతకాక కాదు.

శరణుఘోష: అది మనిషి తప్పు మేడమ్, దీక్షది కాదు. స్వామి నైష్ఠిక బ్రహ్మచారి కాబట్టే 10 నుంచి 50 ఏళ్ళ ఆడవాళ్ళు శబరిమల ఎక్కకూడదన్నారు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ తీర్పులో ఆ నియమం చెల్లదన్నది నలుగురు జడ్జీలు. బెంచ్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ, జస్టిస్ ఇందు మల్హోత్రా, ఒప్పుకోలేదు. తీర్పు వద్దని కేరళలో వేలమంది ఆడవాళ్ళే రోడ్డెక్కారు.

లాపాయింట్: అవతలి పక్కా చెప్పాలిగా. జస్టిస్ చంద్రచూడ్ ఆ నిషేధాన్ని అంటరానితనంతో పోల్చారు. 2019 జనవరి 2న ఇద్దరు మహిళలు దర్శనం చేసుకుంటే, గుడి మూసి శుద్ధి చేశారు. అదే ఏడాది నవంబర్‌లో వ్యవహారం పెద్ద బెంచ్‌కి వెళ్ళింది. వేరే అయ్యప్ప గుళ్ళలో ఈ వయసు లెక్క లేదు, అక్కడున్నదీ ఆ స్వామే కదా? నిగ్రహం మగవాడి వ్రతమైతే, దాన్ని కాపాడటానికి దూరం జరగాల్సింది ఆడదెందుకు?

బెజవాడభవాని: మా దుర్గమ్మ భవానీ దీక్ష చూడండి. ఎర్ర బట్టలు, ఇంచుమించు ఇవే నియమాలు. ఆడవాళ్ళూ వేసుకుంటారు, ఇంద్రకీలాద్రికి ఏమీ కాలేదు. కానీ నేను మాల వేసుకున్నప్పుడు మా ఇంట్లో వండింది కూడా నేనే లెండి.

కన్నెస్వామి: మా పీఠంలో స్వాములమే వండుకుంటాం, గిన్నెలూ మేమే తోముకుంటాం. అన్ని ఇళ్ళూ ఒకేలా ఉండవండీ.

వంటింటిగొంతు: మంచిదే అన్నా. అయితే మాల వేసే రోజే గురుస్వాములని ఈ షరతు పెట్టమనండి: ఇంట్లో ఉన్నా నీ భిక్ష నువ్వే వండుకో, ఆమెకి నెలసరి వస్తే పీఠానికి నువ్వే వెళ్ళు. వచ్చే కార్తీకానికి మీ వీధిలో నల్ల బట్టలు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెడదాం.