ఎంఐ-1 జన్యువున్న టమాటా వేళ్లకూ బుడిపెలు వస్తున్నాయి, ఎందుకు?

వేళ్లలోకి దూరి బుడిపెలు తెప్పించే సన్నని పురుగుల్ని, అంటే వేరుబుడిపె నులిపురుగుల్ని, మొక్క ఎంత తట్టుకుంటుందో కుండీల్లో పరీక్ష చేస్తున్నాను. ఈ పురుగుల్ని అడ్డుకునే ఎంఐ-1 జన్యువు ఉన్న టమాటా రకం (నిరోధక రకం) ఒకటి, లేని రకం ఒకటి. నాలుగు ఆకుల దశలో ఒక్కో కుండీకి 1000 రెండో దశ పిల్లపురుగుల్ని వేరు దగ్గర పోసి, 45 రోజులకు మొక్కలు పీకి వేళ్లు కడిగి చూశాను. నిరోధక రకంలో 10 మొక్కల్లో 7 మొక్కలకు బుడిపెలు ఉన్నాయి, వేరు మీద గోధుమరంగు గుడ్ల ముద్దలు కూడా కనిపిస్తున్నాయి, అంటే పురుగు లోపలికి వెళ్లి ఆగిపోలేదు, హాయిగా గుడ్లు పెట్టింది. ఇదే నాకు అసలు టెన్షన్.

28 డిగ్రీలు దాటితే ఎంఐ-1 పనిచేయదని తెలుసు కాబట్టి మొదట అనుమానించింది వేడినే. రెండోసారి మట్టిలోనే థర్మామీటర్ పెట్టి 24-26 మధ్య ఉంచాను, ఫలితం మారలేదు. విత్తనం కల్తీ అయి ఉంటుందేమోనని ఎంఐ-23 మార్కర్‌తో పీసీఆర్ (ఆ జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ పరీక్ష) చేస్తే మొక్కలన్నింటికీ నిరోధక బ్యాండే వచ్చింది. మట్టిని ఆటోక్లేవ్ చేశాను (ఆవిరితో శుద్ధి చేశాను), పురుగులు వేయని కుండీల్లో ఒక్క బుడిపె కూడా లేదు.

నా పురుగుల కల్చర్ ఒకే గుడ్ల ముద్ద నుంచి పెంచింది కాదు, పొలం మట్టి నుంచి తెచ్చింది. ఇన్‌కాగ్నిటా అనే నులిపురుగు జాతే అనుకుంటూ వచ్చాను, కానీ ఎంఐ-1కి లొంగని ఎంటెరోలోబీ అనే మరో జాతి కూడా అందులో కలిసి ఉండొచ్చు, లేదా ఇన్‌కాగ్నిటాలోనే ఆ జన్యువును దాటే రకం తయారై ఉండొచ్చు. ఆడపురుగుల వెనకభాగపు గీతల్ని మైక్రోస్కోప్‌లో చూశాను, ఈ రెండు జాతుల గీతలూ నాకు దాదాపు ఒకేలా అనిపించాయి.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ముందుగా ఏ పరీక్ష చేయమంటారు?